వెనక అట్టను నమ్మకండి: పాత వాల్వు రేడియో ఏ వెర్షనో గుర్తించి, నమోదు చేసుకోవడం

నాలుగేళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక పాత సామాన్ల అంగట్లో వాల్వు రేడియో ఒకటి కొన్నాను, అంటే ట్రాన్సిస్టర్ల బదులు లోపల వెలిగే గాజు గొట్టాలతో (వాల్వులతో) నడిచేది. వెనక అట్ట మీద మోడల్ నంబరు చక్కగా కనిపిస్తోంది, చివర 'ఏ' అక్షరం. అంటే ఏసీ కరెంటు సెట్టు, ఇంటి కరెంటును వేరుచేసే ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఉంటుంది, ఛాసిస్ (భాగాలన్నీ బిగించిన లోపలి రేకు చట్రం) తగిలినా ఫర్వాలేదు అనుకున్నాను. ఇంటికొచ్చి అట్ట తీసి, ప్లగ్గు పెట్టి, వాల్వులు వెలిగాయా లేదా అని వంగి చూస్తూ ఛాసిస్ మీద చెయ్యి ఆనించాను. మోచేతి దాకా జివ్వుమంది. కాళ్లకు రబ్బరు చెప్పులు ఉండబట్టి సరిపోయింది.

ప్లగ్గు పీకేసి, కాసేపు కూర్చుని, టార్చి వేసి చూస్తే సంగతి తెలిసింది. లోపల ట్రాన్స్‌ఫార్మరే లేదు. వాల్వుల మీద యూసీహెచ్ 81, యూబీఎఫ్ 89, యూసీఎల్ 82, యూవై 85 అని ఉన్నాయి. ఏసీ, డీసీ రెండింటి మీదా నడిచే 'యూ' సెట్టు వాల్వులవి. చెక్క పెట్టె, డయల్, నాబులు రెండు వెర్షన్లకీ ఒకటే. ఎప్పుడో ఎవరో ఒక సెట్టు అట్టను ఇంకో సెట్టుకు బిగించేశారు.

పాత సౌండ్ సామానులో మోడల్ పేరు ఇంటిపేరు లాంటిది. ఆ ఇంట్లో ఎవరన్నది ముఖం చూస్తే గానీ తెలియదు. ఒకే పేరుతో ఏళ్ల తరబడి అమ్మే వస్తువును కంపెనీలు మధ్యమధ్యలో మారుస్తూనే ఉంటాయి. కొన్నిసార్లు పేరు పక్కన ఒక అక్షరం చేరుస్తాయి, చాలాసార్లు అదీ ఉండదు. ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో తయారైన గారార్డ్ 301 టర్న్‌టేబుల్‌నే (రికార్డులు తిప్పే యంత్రం) చూడండి. 1950ల్లో వచ్చిన మొదటివాటి బేరింగ్‌కి గ్రీజు పట్టించాలి, తర్వాతవి నూనె బేరింగ్‌వి. పేరు మాత్రం రెండింటికీ 301. బూడిద రంగైతే గ్రీజుది, క్రీమ్ రంగైతే నూనెది అని అమ్మేవాళ్లు చెబుతారు గానీ రంగు ఎవరైనా వేయించుకోవచ్చు. తిరిగే పళ్లెం ఎత్తి బేరింగ్ చూడాల్సిందే. బీబీసీ ఇంజినీర్లు రూపొందించిన ఎల్ఎస్ 3/5ఏ స్పీకర్‌ది కూడా అదే కథ. పెట్టె అదే, పేరూ అదే. 1980ల చివర్లో లోపలి సరంజామా మారి, కరెంటుకు దాని నిరోధం 15 ఓమ్‌లు కాస్తా 11 ఓమ్‌లు అయింది.

ఇక్కడ మాత్రం వాల్వు రేడియోనే పట్టుకుంటాను, ఎందుకంటే మన ఇళ్ల అటకల మీద ఎక్కువగా మిగిలింది అదే. పద్ధతి ఆంప్లిఫయర్‌కైనా, టేప్ రికార్డర్‌కైనా పనికొస్తుంది.

ముందు ప్లగ్గు సంగతి

వెర్షన్ గుర్తించడానికి రేడియో మోగనక్కర్లేదు. అసలు కరెంటే అక్కర్లేదు. పాత సెట్టు చేతికి రాగానే ప్లగ్గు పెట్టాలనే ఆత్రం అందరికీ ఉంటుంది, అది ఆపుకోండి. ఏళ్ల తరబడి మూలన పడిన కండెన్సర్లు (కరెంటును నిలవ చేసే భాగాలు, కెపాసిటర్లు) పేలొచ్చు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు, అప్పుడు మీరు నమోదు చేయాల్సిన వస్తువే పోతుంది.

'యూ' సెట్టులో ఇంకో ప్రమాదం ఉంది. కరెంటు తీగల్లో ఒకటి నేరుగా ఛాసిస్‌కే కలిపి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే ఛాసిస్ అంతా ఫేజే. నాబు ఊడిపోయి ఇనుప కడ్డీ బయటికి కనిపిస్తున్న సెట్టయితే ఆ కడ్డీ కూడా షాక్ కొడుతుంది. ఇంతకు ముందు ఎవరైనా ఈ మధ్యే కరెంటు పెట్టి ఉంటే, పెద్ద కండెన్సర్లలో 200 వోల్టుల పైన నిలవ ఉండొచ్చు. మీటర్‌తో కొలిచి, సున్నాకి వచ్చాకే చెయ్యి పెట్టండి. అలవాటు లేకపోతే తెలిసిన మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకోండి. సెట్టును వెలిగించి తీరాలంటే ఆ పని ఆయన సీరీస్ ల్యాంపు (కరెంటు దారిలో వరసగా కలిపిన బల్బు, ఎక్కువ కరెంటు పోకుండా ఆపేది) మీద చేస్తారు, అదీ నమోదు అంతా అయ్యాక.

ఇంకొక జాగ్రత్త. కొన్ని సెట్లలో వేడెక్కే భాగాల పైన పెట్టె లోపలి వైపు తెల్లటి పలచని అట్ట అతికించి ఉంటుంది. అది ఆస్బెస్టాస్ కావచ్చు. గీకొద్దు, ఊదొద్దు, ఫొటో తీసి వదిలేయండి.

గుడ్డ పట్టకముందు ఫొటోలు

దుమ్ము కూడా సాక్ష్యమే. స్క్రూ తల మీద దుమ్ము, తుప్పు సమానంగా ఉంటే దాన్ని ఎవరూ ముట్టుకోలేదని అర్థం. నాలుగు స్క్రూల్లో ఒకటి మాత్రమే మెరుస్తుంటే అక్కడ ఎవరో పని చేశారు. మీరు తడిగుడ్డతో తుడిచేస్తే ఈ కథ అంతా పోతుంది. నేను మొదట్లో రెండు సెట్లను ఇలాగే తళతళలాడించి పాడు చేశాను.

వరండాలో నీడపట్టున, పగటి వెలుతురులో, ఒక తెల్ల దుప్పటి మీద పెట్టి తీయండి. ముందు, వెనక, రెండు పక్కలు, పైన, అడుగు. తర్వాత అట్ట తీసి లోపల మొత్తం ఒకటి, ఆ తర్వాత ఒక్కో భాగం దగ్గరగా. ప్రతి దగ్గరి ఫొటోలో స్టీలు స్కేలు కనిపించేలా పెట్టండి. రేకు మీద గుద్దిన అంకెలు ఎదురు వెలుతురులో కనిపించవు. గది చీకటి చేసి టార్చిని పక్కనుంచి, దాదాపు రేకుకు ఆనించి వేస్తే నీడలు పడి అంకెలు పైకి తేలతాయి. చెయ్యి దూరని చోటికి చిన్న అద్దం, లేదా ఫోన్‌నే తలకిందులుగా దూర్చడం.

వాల్వుల విషయంలో మాత్రం బహు జాగ్రత్త. గాజు మీది అక్షరాలు చాలావాటికి పైపై పూత. స్పిరిట్ అక్కర్లేదు, వేలితో గట్టిగా రుద్దినా పోతాయి. వెలిసిపోయిన అక్షరాలు చదవాలంటే నోటితో మెల్లగా ఆవిరి ఊదండి. అక్షరాలున్న చోట ఆవిరి వేరుగా పడుతుంది. ఆ రెండు క్షణాల్లో ఫొటో తీసేయాలి. ఏ వాల్వు ఏ గుంటలో (సాకెట్‌లో) ఉందో ఫొటో తీయకుండా బయటికి లాగొద్దు.

పేరు పలక

అట్ట మీద, ఛాసిస్ వెనక అంచు మీద, పెట్టె లోపల, ఒక్కోసారి స్పీకర్ బోర్డు మీద నంబర్లు ఉంటాయి. అన్నీ విడివిడిగా రాసుకోండి, ఒకటే అయినా సరే. నా సెట్టులో అట్ట మీది నంబరు, ఛాసిస్ మీది నంబరు వేరు. ఆ ఒక్కటి ముందే చూసి ఉంటే షాక్ తప్పేది.

చివరి అక్షరానికి చాలా కంపెనీల్లో ఒక అర్థం ఉండేది. ఫిలిప్స్ సెట్లలో 'ఏ' అంటే ఏసీ, 'యూ' అంటే ఏసీ, డీసీ రెండూ, 'బీ' అంటే బ్యాటరీ, 'టీ' అంటే ట్రాన్సిస్టర్. ఇన్ని రకాలు ఎందుకంటే, ఆ రోజుల్లో కరెంటు అంతటా ఒకేలా లేదు. కలకత్తా లాంటి నగరాల్లో కొన్ని పేటలకు డీసీ కరెంటే వచ్చేది. కరెంటే లేని పల్లెలకు బ్యాటరీ సెట్లు. ఒకే పెట్టె, ఒకే డయల్, లోపల మూడు వేర్వేరు యంత్రాలు. అక్షరం చూశాక దాన్ని రుజువుగా కాదు, వాదనగా తీసుకోండి. అది నిజమో కాదో చెప్పాల్సింది వాల్వులు.

వాల్వులు అబద్ధమాడవు, కానీ ఇల్లు మారతాయి

యూరప్ పద్ధతి వాల్వు పేరు చదవడం పది నిమిషాల్లో వస్తుంది. మొదటి అక్షరం అది వెలగడానికి కావాల్సిన కరెంటు సంగతి చెబుతుంది. 'ఈ' అయితే 6.3 వోల్టులు, అంటే మామూలుగా ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. 'యూ' అయితే 100 మిల్లీయాంపియర్ల కరెంటుతో అన్నీ ఒకదాని వెనక ఒకటి దండలా కలిపి ఉంటాయి. 'డీ' అయితే 1.4 వోల్టుల బ్యాటరీ వాల్వు. తర్వాతి అక్షరాలు అది చేసే పని: 'సీహెచ్' స్టేషన్ పట్టే మొదటి వాల్వు, 'ఎల్' స్పీకర్‌ని నడిపేది, 'వై', 'జెడ్' ఏసీని డీసీ చేసేవి, 'ఎమ్' స్టేషన్ సరిగ్గా పడిందో చూపిస్తూ పచ్చగా వెలిగే మ్యాజిక్ ఐ.

నా సెట్టునే లెక్క వేద్దాం. యూసీహెచ్ 81కి 19 వోల్టులు, యూబీఎఫ్ 89కి 19, యూసీఎల్ 82కి 50, యూవై 85కి 38. మొత్తం 126. ఇంటి కరెంటు 230. మిగిలిన 104 వోల్టుల్ని వేడిగా తగలేయడానికి సుమారు వెయ్యి ఓమ్‌ల పెద్ద రెసిస్టెన్స్ (దీన్నే డ్రాపర్ అంటారు) ఒకటి ఉండాలి. వెతికితే మూలన మట్టిరంగు గొట్టంలా కనిపించింది. ఇలా లెక్కకు, వస్తువుకు పొత్తు కుదిరితే ఛాసిస్ ఏ వెర్షనో తేలిపోయినట్టే. అదే 'ఏ' వెర్షన్ అయి ఉంటే ఆ చోట్లలో ఈసీహెచ్ 81, ఈబీఎఫ్ 89, ఈసీఎల్ 82, ఈజెడ్ 80 లాంటివి, పక్కన బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉండేవి.

అంకెల్లో మొదటిది వాల్వు కాళ్ల అమరిక, అదే కాలానికి కూడా గుర్తు. 3 అయితే ఎనిమిది లావు కాళ్ల ఆక్టల్, 4 అయితే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన రిమ్‌లాక్, 8 అయితే తొమ్మిది సన్న కాళ్ల నోవల్, 9 అయితే ఏడు కాళ్ల చిన్నది. ఏజెడ్ 1, ఈసీహెచ్ 3 లాగా ఒకే అంకె ఉంటే 1930ల నాటి జాతి. రిమ్‌లాక్ గుంటలున్న ఛాసిస్‌ని ఎవరైనా 1939 నాటిదని అమ్మితే నవ్వి ఊరుకోవచ్చు. గుంటలు ముఖ్యం, గుర్తుంచుకోండి. వాల్వు పీకి ఇంకోటి పెట్టొచ్చు, గుంట మార్చాలంటే రేకు కోయాలి.

బ్యాటరీ సెట్లలో ఇంకా సూక్ష్మమైన తేడా ఉంది. డీకే 91, డీఏఎఫ్ 91 వరస వాల్వుల్లో వెలిగే తీగ 50 మిల్లీయాంపియర్లు తినేది. తర్వాత వచ్చిన డీకే 96, డీఏఎఫ్ 96 వరస 25తో సరిపెట్టుకుంది. బ్యాటరీ డబ్బా పట్నం నుంచి మోసుకొచ్చే ఊళ్లో ఈ తేడా ఎంత గొప్పదో ఊహించండి. పైకి మాత్రం పెట్టె రవ్వంత కూడా మారి ఉండదు.

ఇక తేదీ. ఫిలిప్స్, మల్లార్డ్ వాల్వుల గాజు అడుగున 1950ల రెండో సగం నుంచి రెండు వరసల సన్న గుర్తులు ఉంటాయి. పై వరస వాల్వు రకం, దాని సవరణ. కింది వరసలో మొదటిది ఫ్యాక్టరీ: 'బీ' అంటే ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్, త్రికోణం అంటే హాలండ్‌లోని హేర్లెన్, 'డీ' అంటే జర్మనీలోని హాంబర్గ్. తర్వాత సంవత్సరం చివరి అంకె, తర్వాత నెలకు 'ఏ' నుంచి 'ఎల్' దాకా ఒక అక్షరం, చివర వారం. 'బీ 5 ఎఫ్ 2' అంటే బ్లాక్‌బర్న్, 5తో ముగిసే ఏడాది, జూన్, రెండో వారం. ఆ 5 అనేది 1955నా, 1965నా అన్నది గుర్తు ఒక్కటే చూసి చెప్పలేం, మిగతా సాక్ష్యాలతో కలిపి తేల్చాలి.

వాల్వు మీద 'బీఈఎల్' అని ఉంటే అది బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌ది. ఆ సంస్థ 1954లో మొదలైంది, రేడియో వాల్వుల తయారీ 1961లో. కాబట్టి 1950ల సెట్టులో బీఈఎల్ వాల్వు కనిపిస్తే అది తర్వాత మార్చినది. అన్నీ బీఈఎల్ వాల్వులే అయితే రెండు అవకాశాలు: సెట్టే 1961 తర్వాతది, లేదా యజమాని ఓపికగా ఒక్కోటీ మార్చుకుంటూ వచ్చారు. రెండోది మన ఇళ్లలో మామూలే.

డయల్ మీద ఊళ్ల పేర్లు

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఏ దేశం కోసం చేసిన వెర్షనో డయల్ గాజు చెప్పినంత బాగా ఇంకేదీ చెప్పదు.

ముందు బ్యాండ్లు చూడండి. లాంగ్‌వేవ్, అంటే 1000 నుంచి 2000 మీటర్ల గీత ఉంటే ఆ సెట్టు యూరప్ కోసం చేసినది. మన దేశంలో లాంగ్‌వేవ్ మీద ప్రసారాలే లేవు. దాని బదులు షార్ట్‌వేవ్ రెండు మూడు ముక్కలుగా ఉండి, 60, 90 మీటర్ల ప్రాంతం కూడా కలిస్తే అది మన లాంటి ఉష్ణదేశాల కోసం చేసినది. గాజు మీద హిల్వర్సమ్, లక్సెంబర్గ్ లాంటి యూరప్ స్టేషన్ల పేర్లు ఉండి, సెట్టు మాత్రం గుంటూరులో దొరికిందంటే, ఎవరో విదేశాల నుంచి తెచ్చుకుని ఉండాలి.

తర్వాత స్టేషన్ల పేర్లు. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. డయల్ మీద విజయవాడ అచ్చయి ఉంటే ఆ గాజు అంతకు ముందుది కాదు. హైదరాబాద్ పేరు ఒక్కటే కాలాన్ని తేల్చదు, ఎందుకంటే నిజాం కాలంలోనే అక్కడ దక్కన్ రేడియో ఉంది, 1950లో అది ఆకాశవాణిలో కలిసింది. సిలోన్ అని ఉందా, శ్రీలంక అని ఉందా చూడండి. ఆ దేశం పేరు మారింది 1972 మే 22న. శ్రీలంక అని ఉంటే గాజు ఆ తర్వాతదే. సిలోన్ అని ఉంటే మాత్రం ఏమీ తేలదు, అచ్చు దిమ్మెలు వెంటనే మార్చరు కదా.

కొలతలు కూడా మాట్లాడతాయి. మీటర్లు మాత్రమే ఉన్నాయా, కిలోసైకిల్సా (కిలోహెర్ట్జ్‌కు పాత పేరు), కిలోహెర్ట్జా? హెర్ట్జ్ అనే పేరు అంతర్జాతీయంగా 1960లో ఖాయమైంది, డయళ్ల మీదికి రావడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. మీటర్లను కిలోహెర్ట్జ్‌లోకి మార్చాలంటే 3,00,000ని మీటర్లతో భాగించండి. విజయవాడ 837 కిలోహెర్ట్జ్ అంటే సుమారు 358 మీటర్లు, హైదరాబాద్ 738 అంటే 406 చిల్లర.

ఆ 837, 738 రెండూ 9తో నిశ్శేషంగా భాగించబడతాయి. యాదృచ్ఛికం కాదు. 1978 నవంబరు 23 నుంచి ఆసియా, యూరప్, ఆఫ్రికాల్లో మీడియంవేవ్ స్టేషన్లు 9 కిలోహెర్ట్జ్ మెట్ల మీదికి వచ్చాయి. అమెరికాలో ఇప్పటికీ 10. డయల్ సూదులున్న సెట్లకు దీంతో పని లేదు గానీ, 1980ల అంకెల ట్యూనర్లకు ఇదే వెర్షన్ గుర్తు. అమెరికా వెర్షన్ ట్యూనర్ ఇక్కడికి తెచ్చుకుంటే పది మెట్ల మీద దూకుతూ 837ని దాటేసి పోతుంది. వెనక 9, 10 మార్చే చిన్న స్విచ్ ఉందేమో చూడండి. ఎఫ్ఎమ్ 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ దాకానే ఉంటే అది జపాన్ లోపలి అమ్మకాల కోసం చేసినది, కరెంటు కూడా 100 వోల్టులే. మన ప్లగ్గులో పెడితే అంతే సంగతులు.

ఛాసిస్ కింద

వెనక నుంచి కనిపించేది సగమే. ఛాసిస్ బయటికి తీసి తిరగేస్తే అసలు బొమ్మ కనిపిస్తుంది. తీసే ముందు డయల్ దారం ఏ చక్రం మీదుగా ఎలా తిరిగిందో బొమ్మ గీసుకోండి. ఇది మరిచిపోతే ఒక ఆదివారం అంతా దారంతోనే గడుస్తుంది.

కింద చూడాల్సినవి టంకం, తీగలు, రెసిస్టెన్సులు, కండెన్సర్లు. ఫ్యాక్టరీ టంకం వయసుతో మసకబారి, అన్ని చోట్లా ఒకే తీరుగా ఉంటుంది. తర్వాత పెట్టింది ఉబ్బుగా, మెరుస్తూ, చుట్టూ పసుపు జిగురుతో ఉంటుంది. రబ్బరు, నూలు తొడుగు తీగల మధ్య ప్లాస్టిక్ తొడుగు తీగ ఒకటే కనిపిస్తే అది కొత్త చుట్టం. రెసిస్టెన్సు మీద రంగు పట్టీలు కాకుండా ఒళ్లంతా ఒక రంగు, కొసకు ఒక రంగు, నడుమ ఒక చుక్క ఉంటే అది పాత పద్ధతి, ఎక్కువగా 1940ల దాకా వాడినది. రేకు డబ్బా కండెన్సర్ల మీద చాలాసార్లు నెల, సంవత్సరం నేరుగా గుద్ది ఉంటాయి. స్పీకర్ వెనక మాగ్నెట్ బదులు తీగచుట్ట ఉండి, దానికి వేరే తీగలు వస్తుంటే అది యుద్ధానికి ముందు ఎక్కువగా వాడిన రకం.

అమెరికాలో ఉండి గరాజ్ సేల్‌లో పాత ఆంప్లిఫయర్లు ఏరుకునే మనవాళ్లకు ఒక చిట్కా. అక్కడి వాల్యూమ్ కంట్రోళ్లు, స్పీకర్లు, ట్రాన్స్‌ఫార్మర్ల మీద ఆరేడు అంకెల సంఖ్య ఉంటుంది. మొదటి మూడు కంపెనీ, మిగతావి సంవత్సరం, వారం. 1377832 అంటే 137 సీటీఎస్ కంపెనీ, 1978, 32వ వారం. 220 అయితే జెన్సన్ స్పీకర్. సంవత్సరానికి ఒకే అంకె ఉంటే మళ్లీ పదేళ్ల తికమక తప్పదు.

ఇక్కడ ఒక నియమం గట్టిగా పట్టుకోండి. ఒక భాగం మీది తేదీ, సెట్టు తయారైన తేదీ కాదు. భాగం ముందు తయారై, గోడౌన్‌లో ఉండి, తర్వాత సెట్టులోకి చేరుతుంది. మొదటినుంచీ ఉన్న భాగాల్లో అన్నిటికంటే కొత్తది ఏ తేదీదో, సెట్టు అంతకు ముందుది కాదు. అంతవరకే చెప్పగలం. 1960 మార్చి, 1960 జూన్, 1959 నవంబరు తేదీల భాగాలు దొరికితే 'జూన్ 1960కి ముందు కాదు' అని రాయాలి, '1960 మోడల్' అని కాదు.

మరమ్మతా, వెర్షనా?

సర్క్యూట్ బొమ్మలో లేని కండెన్సర్ ఒకటి కనిపించింది అనుకోండి. ఫ్యాక్టరీ మధ్యలో చేసిన మార్పా, వీధి చివర మెకానిక్ చేసినదా? దాన్ని పట్టుకున్న రంధ్రాన్ని చూడండి. ఫ్యాక్టరీ రంధ్రం అచ్చుతో గుద్దినది, అంచు నున్నగా, పూత లోపలి దాకా ఉంటుంది. డ్రిల్లుతో చేసినదాని అంచు గరుకుగా, లోపల రేకు బయటపడి ఉంటుంది. స్క్రూ మీద ఫ్యాక్టరీవాళ్లు వేసిన రంగు చుక్క పగలకుండా ఉందా? తీగ మిగతా తీగలతో కలిపి కట్టలో వెళ్లిందా, పైనుంచి వేలాడుతోందా?

ఒక సెట్టులో కనిపించిన మార్పును మరమ్మతుగానే రాసుకోండి. వేరే ఊరి నుంచి వచ్చిన రెండో సెట్టులో, మూడో సెట్టులో అచ్చం అలాగే కనిపిస్తే అప్పుడు వెర్షన్ అనండి. అందుకే సీరియల్ నంబర్లు ముఖ్యం. ఒకే మోడల్ పది సెట్ల సీరియల్ నంబర్లు, ఒక్కోదాని లక్షణం వరసగా రాస్తే మార్పు ఎక్కడ జరిగిందో దానంతటదే కనిపిస్తుంది. నంబర్ల మధ్య ఖాళీలుంటే కంగారు పడకండి, కంపెనీలు అంకెల్ని ఎప్పుడూ వరసగా వాడలేదు.

ట్రాన్సిస్టర్ సెట్లకు ఇదే పద్ధతి, వరస మాత్రం వేరు. ఓసీ 44, ఓసీ 45, ఓసీ 71, ఓసీ 72 పాతవి. తర్వాత ఏఎఫ్ 115 నుంచి 117, ఏసీ 127, ఏసీ 128. ఇవన్నీ జర్మేనియం. ఆ తర్వాత బీఎఫ్ 194, బీఎఫ్ 195, బీసీ 148 సిలికాన్‌వి. పేరు ముందు 'ఏ' ఉంటే జర్మేనియం, 'బీ' ఉంటే సిలికాన్.

వెర్షన్ వెతుకులాటకే అందని వస్తువు కూడా మన దగ్గర ఒకటి ఉంది: తళతళలాడే ఇత్తడి హారన్, ఎనిమిది పలకల చెక్క పెట్టె, ముందు కుక్క బొమ్మ ఉన్న గ్రామఫోన్. పాత పోర్టబుల్ గ్రామఫోన్ మోటారు తీసుకుని, చుట్టూ కొత్త పెట్టె కట్టి మన దేశంలోనే తయారు చేసి ప్రపంచమంతా అమ్మినవివి. దానికి మోడల్ నంబరు వెతకొద్దు. లోపలి మోటారును మాత్రం నమోదు చేయండి, అసలైనది అదొక్కటే కావచ్చు.

రాసుకునే తీరు

నోట్‌బుక్ అయినా, కంప్యూటర్‌లో షీట్ అయినా మూడు గడులు విడిగా ఉండాలి: కళ్లతో చూసింది, ఎవరో చెప్పింది, నేను అనుకుంటున్నది. ఈ మూడూ కలిపేయడం వల్లనే ఇంటర్నెట్ నిండా తప్పుడు తేదీలు తిరుగుతున్నాయి. 'అరుదైన 1948 ఎగుమతి వెర్షన్' అని రాసేవాళ్లలో చాలామంది చూసింది ఒక 'ఎక్స్' అక్షరం మాత్రమే.

ప్రతి సెట్టుకూ మీ సొంత సంఖ్య ఒకటి ఇవ్వండి. ఫొటో పేర్లలో ఆ సంఖ్య, తేదీ, భాగం పేరు ఉండాలి. వాల్వుల బొమ్మ గీసి ఒక్కో గుంటలో ఏముందో, దాని గాజు గుర్తులతో సహా రాయండి. అక్షరం చదవలేకపోతే ఊహించి పూరించొద్దు, అక్కడ ప్రశ్నార్థకం పెట్టండి. మీరు మార్చిన ప్రతి భాగాన్నీ తేదీ వేసి రాసి, తీసిన పాతదాన్ని కవర్లో పెట్టి పెట్టెలోనే ఉంచండి. రేపు ఇంకొకరు మీ మరమ్మతును వెర్షన్ అనుకోకుండా ఉండాలి కదా. ఫొటోలు ఫోన్‌లో ఒకచోట, వేరే డిస్కులో ఇంకోచోట.

మనుషులు చెప్పేదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, పూర్తిగా నమ్మనూ వద్దు. 'మా అమ్మ పెళ్లికి కొన్నారు' అంటే పెళ్లి ఏడాది అడగండి. పెళ్లి ఫొటోలో రేడియో కనిపిస్తే ఇంకా మంచిది. రేడియోకు లైసెన్సు ఉన్న రోజులవి. పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి పుస్తకంలో గుర్తు వేయించుకునేవాళ్లు, 1980ల్లో అది పోయింది. ఆ పుస్తకం బీరువా అడుగున ఉందేమో వెతికించండి. ఏ ఏడాది మొదటి గుర్తు పడిందో చూస్తే కొన్న కాలం తెలుస్తుంది. ఫొటో తీసి నలుగురితో పంచుకునేటప్పుడు యజమాని పేరు, చిరునామా మూసేయండి. మెకానిక్‌లు ఛాసిస్ మీద పెన్సిల్‌తో రాసే తేదీలు, పెట్టె లోపల అతికించే షాపు చీటీలు కూడా ఇలాంటి సాక్ష్యాలే. వాటిని చెరపకండి.

నాకు షాక్ కొట్టిన సెట్టు కాగితం మీద ఇప్పుడు ఇలా ఉంది:

సెట్టు 7. ఛాసిస్: 'యూ' వెర్షన్, ట్రాన్స్‌ఫార్మర్ లేదు, డ్రాపర్ రెసిస్టెన్స్ ఉంది, ఛాసిస్ కరెంటుకు కలిసి ఉంది, ముట్టుకోరాదు. వెనక అట్ట: 'ఏ' వెర్షన్‌ది, ఈ సెట్టుది కాదు, స్క్రూ రంధ్రాల్లో రెండు కొత్తగా పొడిచినవి. వాల్వులు: మూడింటికి త్రికోణం గుర్తు, అంకె 0, ఒకటి బీఈఎల్. డయల్: లాంగ్‌వేవ్ లేదు, విజయవాడ ఉంది, సిలోన్ ఉంది, మీటర్లు మాత్రమే. కండెన్సర్లు: రెండు మార్చినవి, మిగతావి పాతవి, ఒకదాని మీద 1960 మే. నేను అనుకుంటున్నది: వాల్వుల మీది 0 అంటే 1960. సెట్టు 1960 మేకి ముందుది కాదు. బీఈఎల్ వాల్వు తర్వాత చేరినది. అట్ట ఎప్పుడు మారిందో తెలియదు. అసలు అట్ట దొరికితే ఈ గడి మళ్లీ రాయాలి.